మాదిరి దస్తావేజులు – గ్రంథస్వామ్యము

కాగితముతో పనిలేని సంసారము నేడు లేదు. ఇల్లు అద్దెకిచ్చినను పుచ్చుకొన్నను కరారుపత్రము వలయును. ఆడుబిడ్డకు పసుపు కుంకుమల క్రింద రెండెకరముల మెట్టచేను వ్రాయుదమన్నచో దానపత్రము. పెద్దలు తమ యనంతరము జరుగవలసిన యేర్పాటును తెలుపుటకు వీలునామా. నలుగురు స్త్రీలు గూడి సంఘము పెట్టుకొందమన్నచో నియమావళి. పూర్వము వీనికొఱకు సబ్‌రిజిస్ట్రారు కచేరీ చెంత కూర్చుండు దస్తావేజు లేఖరి నాశ్రయించుటయే మార్గము. నేడు చేతిలోని ఫోనులో రెండు మాటలు వ్రాసి వెదకినంతనే నూఱు మాదిరులు కన్నుల యెదుట నిలుచుచున్నవి. పేర్లు, తేదీలు, హద్దులు మార్చినచో చాలునన్నట్లు అవి సిద్ధముగా నుండును.

ఇట్లు ఒకరు వ్రాసిపెట్టిన దానిని మఱియొకరు తీసి తమ యవసరమునకు దిద్దుకొనుట ధర్మమా? చట్టము దానికేమనుచున్నది? ఈ ప్రశ్న మా కర్నూలులో మాకు పరిచితులైన కొందఱు స్త్రీలకు నిజముగనే యెదురైనది. కుట్టుపని నేర్పుటకును, పుస్తకములు చదువుకొనుటకును వారొక సంఘమును స్థాపింప దలచిరి. అంతర్జాలములో వేఱొక సంఘమువారి ఇంగ్లీషు నియమావళి దొరకెను. దానిని తెనుగు చేసికొందమని యొకరనిరి. అది దొంగతనమగునని యొకరనిరి. లోకములోని నియమావళులన్నియు నొక్కటే గదా, ఎవరి సొత్తని మఱియొకరనిరి. వారిలో చురుకైన యొకామె మఱింత ముందునకు పోయి, ఇట్టి పత్రముల నిరువదింటిని తెనిగించి చిన్న పుస్తకముగా నచ్చొత్తించి యమ్మినచో సంఘమునకు మూలధనము చేకూరునని సూచించెను. అందఱి మాటలలోను కొంత సత్యము కలదు. అది యెంతవఱకో విచారింతము.

పూర్వపు పుస్తకముల ముఖపత్రము వెనుక “సర్వస్వామ్య సంకలితము” అను మాటను మనలో పలువురు చూచియే యుందురు. ఆ మాట యున్న పుస్తకమునకే స్వామ్యము కలదనియు, లేనిది ఊరుమ్మడి సొత్తనియు ననుకొనువారు కలరు. అది సరికాదు. మన దేశమున నడచుచున్న గ్రంథస్వామ్యపు చట్టము 1957వ సంవత్సరమునాటిది. 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు మునుపు 1914 నాటి చట్టముండెను. అది ఇంగ్లండు దేశపు 1911 చట్టమును మన దేశమున కనువుగా దిద్దుకొన్నది. చట్టములు చేయువారు సయితము మాదిరి చూచియే వ్రాసికొందురన్నమాట.

ఈ చట్టము ప్రకారము వ్రాసినవారు వ్రాసినంతనే స్వామ్యము పుట్టును. గుర్తు వేయనక్కఱలేదు, నమోదు చేయింప నక్కఱలేదు. కర్త బ్రతికినంతకాలమును, గతించిన పిమ్మట మఱి యఱువది యేండ్లును అది నిలుచును. “సాహిత్యకృతి” యను పేరు చట్టములో కలదు. ఆ పేరు వినగానే మనకు మనుచరిత్రమో వసుచరిత్రమో తోచును గాని, చట్టము రసాలంకారముల నడుగదు. గణితమునకు సంబంధించిన పరీక్షా ప్రశ్నపత్రము కూడ సాహిత్యకృతియే యని 1916లో ఇంగ్లండు న్యాయస్థానము తేల్చెను. ఇతరుల వ్రాతకు నకలు కాక, కర్త శ్రమతోను బుద్ధితోను పుట్టినదైన చాలును. కనుక ఒక న్యాయవాది యాలోచించి కూర్చిన మాదిరి దస్తావేజునకు స్వామ్యముండుటకు అడ్డేమియు లేదు. దొంగతనమగునన్న యామె మాటలోని సత్య మిది.

ఐతే అందులో దేనికి స్వామ్యము? 1978లో ఒక నాటకమునకును ఒక హిందీ చలనచిత్రమునకును నడుమ వచ్చిన వివాదమున మన సుప్రీంకోర్టు, భావమునకు స్వామ్యము లేదనియు, దానిని చెప్పిన తీరునకే కలదనియు నిర్ణయించెను. కథలలో నీ భేదము సులభముగా తెలియును. దస్తావేజులలో చెప్పుట కష్టము. ఏలననగా అందు చెప్పవలసిన విషయమే చెప్పెడి తీరును చాలవఱకు శాసించును.

తెనుగు క్రయ దస్తావేజు నొకదానిని విప్పి చూడుడు. ఫలాని తేదీని ఫలానివారికి ఫలానివారు వ్రాయించి యిచ్చిన దస్తావేజు ఏమనగా, అని మొదలగును. చెక్కుబందీ యుండును. పుచ్చుకొన్నవారు పుత్రపౌత్ర పారంపర్యముగా దాన విక్రయాది సర్వహక్కులతో ననుభవింప వలయునని యుండును. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములును చేనితో కూడ సంక్రమించినట్లుండును. ఈ యెనిమిది మాటలు విజయనగరపు రాజుల కాలమునాటి దానశాసనములయందు రాళ్లపైనను రాగిరేకులపైనను కానవచ్చును. నేటి దస్తావేజులలోను కానవచ్చుచున్నవి. వీనిని తన మాదిరిలో వ్రాసికొన్న న్యాయవాది గాని, దానిని తన పుటలో నుంచిన వ్యాపారి గాని ఇవి మావని చెప్పజాలరు.

ఇంకను వెనుకకు పోవుదము. కడప జిల్లా ఎఱ్ఱగుడిపాడున రేనాటి చోళుల కాలపు తెనుగు శాసన మొకటి కలదు. ఆఱవ శతాబ్దినాటిది; మన భాషలో దొరకిన మిక్కిలి పూర్వపు శాసనములలో నొకటి. కొద్ది పంక్తులే. ఐనను అందు దానమిచ్చినవాని పేరు, పుచ్చుకొన్నవాని పేరు, ఇచ్చిన భూమి మాట, సాక్షులుగా నిలిచినవారి పేర్లు వరుసగా నున్నవి. చివర, ఈ దానమును చెఱచినవాడు పంచమహాపాతకములు చేసినవాడగునన్న హెచ్చరిక. నేటి దానపత్రమున పాతకములకు బదులు నష్టపరిహారము వచ్చినది. తక్కిన కూర్పంతయు నదియే.

ఆ కూర్పు శాసనము చెక్కినవాని సొంతమును గాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున పత్రము వ్రాయు విధము చెప్పబడినది. సంవత్సరము, మాసము, పక్షము, దినము, పేరు, తండ్రి పేరు మొదలగు గుర్తులు వ్రాయవలయును. అప్పు పుచ్చుకొన్నవాడు పైన వ్రాసినది తనకు సమ్మతమని స్వహస్తముతో వ్రాయవలయును. సాక్షులు తమ తండ్రుల పేళ్లతో చేవ్రాలు చేయవలయును. తుదకు లేఖరి యిరువురి కోరికపై ఫలానివాడనైన నేను వ్రాసితినని ముగింపవలయును. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. తిక్కన కాలమువాడైన కేతన దానిని తెనుగు పద్యములలోనికి దెచ్చెను. గుర్జరదేశమున “లేఖపద్ధతి” యనియు, మిథిలలో విద్యాపతి రచించిన “లిఖనావళి” యనియు పత్రముల మాదిరులకే ప్రత్యేక గ్రంథములు పుట్టినవి. అవి చూచి వ్రాసికొనుటకే పుట్టినవి. ఇక మాటల సంగతి యందుమా, దస్తావేజు, రాజీనామా, హక్కు అనునవి పారసీక, అరబ్బీ భాషలనుండి వచ్చినవి. 1839 వఱకు నవాబులు పాలించిన మా కర్నూలులో అవి యింటిమాటలైనవి.

చట్టము నిర్బంధించిన వ్రాతయు నిట్టిదే. అద్దె కరారులలో నూటికి తొంబదింట గడువు పదునొకండు నెలలని యేల యుండును? ఒకరిని జూచి యొకరు వ్రాసినందున మాత్రమే కాదు. ఏడాదికి మించిన కౌలును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము నమోదు చేయింపవలయును. ఆ ఖర్చు తప్పించుకొనుటకు అందఱును పదునొకండు నెలలే వ్రాయుదురు. వీలునామాకు ఇద్దఱు సాక్షులని 1925 నాటి వారసత్వపు చట్టము చెప్పుచున్నది గావున ఎవరి మాదిరిలోనైనను ఇద్దఱు సాక్షులకు చోటుండును. ఒక విషయమును చెప్పుటకు ఒకటి రెండు విధములే యున్నపుడు ఆ విధము నొకరికి కట్టబెట్టినచో విషయమునే కట్టబెట్టినట్లగును. అందుకు న్యాయస్థానము లొప్పుకొనవు.

అమెరికాలో జరిగిన యొక వ్యాజ్యమిచ్చట చెప్పదగినది. సెల్డెను అనునతడు జమాఖర్చుల పుస్తకములు వ్రాయుటకు క్రొత్త పద్ధతి గనిపెట్టి, దానిని వివరించి, గళ్లు గీసిన ఖాళీ పట్టికలతో పుస్తకము ప్రకటించెను. అతడు మరణించిన పిమ్మట, బేకరు అనునతడు అట్టి పట్టికలనే కొంత మార్చి యమ్ముచున్నాడని సెల్డెను భార్య దావా తెచ్చెను. 1879లో ఆ దేశపు సుప్రీంకోర్టు, పుస్తకములోని వివరణమునకు స్వామ్యము కలదు గాని లెక్కల పద్ధతికిని, దానిని వాడుటకై యేర్పడిన ఖాళీ పట్టికలకును లేదని తీర్పు చెప్పెను. భర్త శ్రమయే యాస్తిగా మిగిలిన యామె యోడిపోయెనని చదివినపుడు మాకు కష్టముగనే తోచినది. కాని వేఱు విధముగా తీర్పు వచ్చియున్నచో, నేడు ఇంటి పద్దు వ్రాసికొను గృహిణి కూడ ఎవరికో రుసుము చెల్లింపవలసి వచ్చెడిదేమో.

లోకములోని నియమావళులన్నియు నొక్కటే యన్నామె మాట యింతవఱకు నిలుచును. ఇటుపైన నిలువదు. మాదిరిలో అస్థిపంజర మందఱిది. దానిపైని కండ వ్రాసినవారిది. మంచి న్యాయవాది వ్రాసిన మాదిరిలో ప్రతి నిబంధనము క్రిందను ఇది యెందుకు వలయునో, ఏది యెపుడు తీసివేయవచ్చునో తెలుపు టిప్పణులుండును. జగడములు పుట్టగల చోట్ల నూహించి వ్రాసిన వాక్యములుండును. 1955లో మద్రాసు హైకోర్టు నిఘంటువులనుగూర్చిన వ్యాజ్యమున, ఇట్టి సంకలన గ్రంథములలో క్రొత్తదనము స్వల్పమైనను చట్టము దానిని కాపాడుననెను. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకను స్పష్టపఱచినది. లక్నోలోని యొక ప్రకాశకసంస్థ సుప్రీంకోర్టు తీర్పులకు పేరాల సంఖ్యలు, సారాంశములు మున్నగునవి చేర్చి అచ్చువేయుచుండగా, ఇతరులు ఆ తీర్పులను కంప్యూటరు ఫలకములకెక్కించి యమ్మిరి. తీర్పుల పాఠమెవరి సొత్తును గాదనియు, దానిలో చిన్నచిన్న సవరణలు చేసినంతమాత్రమున స్వామ్యము రాదనియు, ప్రకాశకులు నేర్పుతోను వివేచనతోను తమంతట చేర్చిన సారాంశాదులు మాత్రము వారివేయనియు కోర్టు నిర్ణయించెను. మాదిరి దస్తావేజులను గూడ నీ కొలతతోనే కొలువవచ్చునని మా యభిప్రాయము.

అయినచో మాటలు కొన్ని మార్చిన చాలునా? తెనుగు చేసినచో క్రొత్తది కాదా? ఇక్కడనే పలువురు పొరబడుచున్నారు. అనువాదము చేయు హక్కును, అనుసరణము చేయు హక్కును మూలకర్తవే యని చట్టము చెప్పుచున్నది. 1994 సవరణతో, కృతిని వరుస మార్చియో దిద్దియో వాడుట కూడ అనుసరణము క్రిందికే వచ్చినది. కావున స్వామ్యముగల ఇంగ్లీషు మాదిరిని వాక్యము వెంట వాక్యముగా తెనిగించినను, నిబంధనముల వరుస తిప్పినను, వానిలో కర్త స్వయముగా కూర్చిన భాగమున్నంతవఱకు అనుమతి వలయును.

కాని చట్టమంత నిర్దయ గలది కాదు. స్వంత వినియోగమునకై న్యాయమైన మేరకు వాడుకొనుటను అది యతిక్రమణముగా నెంచదు. తన యింటి వాటా నద్దెకిచ్చుటకు ఒక గృహిణి దొరకిన మాదిరిని దిద్దుకొన్నచో భయపడనక్కఱలేదు; అట్లు వాడుటకే గదా మాదిరి నందఱి యెదుట పెట్టుట! అదే మాదిరిని అచ్చొత్తించి వెలకమ్ముట వేఱు మాట. నడుమనున్నది సంఘపు నియమావళి. దానిని రిజిస్ట్రారునకు దాఖలు చేయుట, సభ్యులకు పంచుట స్వంత వినియోగమగునా కాదా యనుటలో వాదమునకు తావున్నది. తావున్నచోట దూరముగా నుండుటయే మేలు.

ఆ మాదిరి యున్న పుట యడుగున సన్నని యక్షరములలో షరతులుండును. వానిని చదువక వదలరాదు. కొందఱు స్వంతమునకు మాత్రమే వాడవలయునందురు. కొందఱు రుసుము చెల్లించినవారికే యిత్తురు. “క్రియేటివ్ కామన్స్” అను ననుమతి గుర్తుతో నుంచువారును కలరు. అందును భేదములున్నవి. పేరు చెప్పి యెట్లైనను వాడుకొనుడను ననుమతి యొకటి. వ్యాపారమునకు కూడదనునది యొకటి. మార్చిన ప్రతిని ఇతరులకు పంచరాదనునది మఱియొకటి. ఉచితముగా దొరకినది గావున ఊరిది యనుకొనుట తగదు. వాకిట నాటిన మల్లెతీగ పూలు వీధివారికి చేతికందును. అందినంతమాత్రమున బుట్టకెత్తి అంగడి కమ్మజాలము గదా.

ప్రభుత్వపు మాదిరుల సంగతి కొంచెము వేఱు. మన రాష్ట్ర రిజిస్ట్రేషను శాఖవారు క్రయము, దానము మొదలగు దస్తావేజుల మాదిరులను తమ అంతర్జాల పుటలో ప్రజలు వాడుకొనుటకే యుంచినారు. ప్రభుత్వపు వ్రాతకును ప్రకటించినది మొదలు అఱువది యేండ్లు స్వామ్యము కలదు గాని, రాజపత్రమున ప్రకటింపబడిన నియమములను, అందలి నమూనాలను ఎవరైనను అచ్చువేయవచ్చును. శాసనసభ చేసిన చట్టము నట్టిదానినట్లే గాక, వ్యాఖ్యానముతో గాని మఱి స్వకీయమైన విషయముతో గాని కలిపి అచ్చువేయవచ్చును. కొన్ని చట్టములైతే మాదిరిని తమ పొట్టలోనే పెట్టుకొని, దీనిని చూచి వ్రాసికొనుడని యాజ్ఞాపించును. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు చివర దావాపత్రముల నమూనాలున్నవి. అవి సరిపోయినచోట వానినే, సరిపోనిచోట వానికి దగ్గఱగా నుండువానినే వాడవలయునని యందే విధి. 2013 నాటి కంపెనీల చట్టము మొదటి షెడ్యూలులో కంపెనీ నియమావళుల మాదిరులు కలవు. ఇట్టివాని నుపయోగించుకొనుటలో సంకోచమే వలదు.

మఱియొక సందేహము. మనము రుసుమిచ్చి వకీలుచే వ్రాయించుకొన్న పత్రము ఎవరిది? డబ్బిచ్చినది మనమే గావున మనదే యందుము. చట్టమట్లనదు. వకీలు మన జీతగాడు కాడు, వ్రాసినది ఆయన, కావున వ్రాతమూలముగా మనకు బదలాయించిననే తప్ప స్వామ్యమాయనదే. ఏ పనికై వ్రాయించుకొంటిమో ఆ పనికి దానిని వాడుకొను హక్కు మాత్రము మనకు సందేహము లేకుండ కలదు. ఆ పత్రమును చుట్టాలకు చూపవచ్చును. దానిని మాదిరిగా మార్చి అమ్మకమునకు పెట్టుట మాత్రము ఆయన నడిగి చేయవలసిన పని. సబ్‌రిజిస్ట్రారు కచేరీలో పత్రము నమోదైనందున స్వామ్యము కలుగదు, పోదు. ఆ నమోదునకును గ్రంథస్వామ్యపు నమోదునకును పొత్తే లేదు. కచేరీవారిచ్చు ధ్రువీకృత నకలు మాత్రము చట్టసమ్మతమే. అది యతిక్రమణము గాదు.

ఇక శిక్ష. తెలిసి తెలిసి స్వామ్యము నతిక్రమించినవారికి ఆఱు నెలలు మొదలు మూడేండ్ల వఱకు చెఱయు, ఏబది వేలు మొదలు రెండు లక్షల రూపాయల వఱకు జుల్మానాయు నున్నవి. వ్యాపార లాభమునకై కాకున్నచో, కారణములు వ్రాసి తక్కువ శిక్ష వేయు నధికారము న్యాయస్థానమునకు కలదు. ఒక్క యద్దె కరారునకై ఎవరును గృహిణుల వెంటబడరు. పుస్తకములమ్ముటకు బయలుదేరినవారి సంగతి వేఱు.

అన్నిటికంటె మాకు భయము గొలుపునది వేఱొకటి. పరదేశపు మాదిరిని, స్వామ్యపు చిక్కేమియు లేకున్నను, కన్నుమూసికొని నకలు చేయుట. మన చట్టము ప్రకారము స్థిరాస్తి దానపత్రమునకు ఇద్దఱు సాక్షులును, నమోదును తప్పనిసరి. నోటరీ ముద్ర యొక్కటి చాలునన్న మాదిరిని నమ్మి కూతునకు చేను వ్రాసిన తల్లి, చేను వ్రాయనట్లే. స్వామ్యము నతిక్రమింపకున్నను ఆ బిడ్డకు భూమి దక్కదు.

కుట్టుపని సంఘమువారు చివరకు ఇంగ్లీషు నియమావళిని ప్రక్కకు పెట్టిరి. ఆంధ్రప్రదేశ్ సంఘముల రిజిస్ట్రేషను చట్టము, 2001, చేతబట్టి, అందు కనీసము ఏడుగురు సభ్యులనియు, సంఘము పేరు, ఉద్దేశములు, కార్యస్థానము వ్రాయవలయుననియు నున్న వరుసనే పట్టుకొని, తమ నియమములను తామే తెనుగున వ్రాసికొనిరి. పంక్తులు కొంత మోటుగా వచ్చినవి. కుట్టుయంత్రము చెడినచో మరమ్మతు ఖర్చెవరు భరింపవలయునను నియమము ఏ యింగ్లీషు మాదిరిలోను లేదు. వీరి నియమావళిలో మూడవ పుటలో నున్నది. పుస్తకము మాట యింకను పూర్తిగా తేలలేదు. ఇరువదింటిలో తొమ్మిదింటిని రాజపత్రపు నమూనాలనుండి తీసికొని, స్త్రీల కర్థమగునట్లు తమ వివరణములు చేర్చుచున్నారు. ఏడింటిని వదలివేసిరి. మిగిలిన నాలుగింటికి కర్తలిద్దఱు తెలియవచ్చిరి. అనుమతి కోరుచు ఇరువురకును ఉత్తరములు పోయినవి. ఒకరు తమ పేరు వేసి యచ్చొత్తించుకొనుడని సంతోషముగా వ్రాసినారు. రెండవవారి జవాబు రావలసియున్నది.